పని నడిబొడ్డున, పడక శివార్లలో

మా నాన్న ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ రాత్రిళ్ళు నేనే తోడు ఉన్నాను. ఒకరోజు ఒంటిగంట దాటాక, ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్ళ కోసం కిందికి దిగితే, లిఫ్టు వెనక సందులో ఒకామె పడుకుని కనిపించింది. సెలైన్ సీసాలు వచ్చే అట్టపెట్టెలు విప్పి నేలమీద పరుచుకుంది. కొంగు మొహం మీదికి లాక్కుంది. తలకింద హ్యాండ్‌బ్యాగు. నా చెప్పుల చప్పుడుకి ఉలిక్కిపడి లేచి కూర్చుంటే అప్పుడు గుర్తుపట్టాను, మా వార్డు ఆయా. సాయంత్రమే నాన్నకి ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, "రెండ్రోజుల్లో లేచి తిరుగుతారు పెదనాన్నా" అని ధైర్యం చెప్పింది. ఆమె షిఫ్టు రాత్రి పదింటికే అయిపోయింది. అయినా లేవగానే ఆమె అడిగిన మొదటి మాట, "నాన్నగారికి ఏమన్నా కావాలామ్మా?"

"ఇంటికెళ్ళలేదా అక్కా?" అన్నాను.

"ఎలా వెళ్తానమ్మా, మా వైపు ఆఖరి బస్సు తొమ్మిదిన్నరకే."

తెల్లారి నాలుగూ పదికి మొదటి బస్సు. ఇల్లు చేరేసరికి ఆరు. వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, రెండు మూడు గంటలు కునుకు తీసి, పన్నెండింటికి మళ్ళీ బస్టాప్‌లో నిలబడితే రెండింటికి డ్యూటీ. ఎనిమిది గంటల ఉద్యోగానికి రోజులో పద్దెనిమిది గంటలు ఇంటికి దూరం. ఎన్నేళ్ళుగా అని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి, చిన్నది పుట్టిన ఏడాది నుంచి అంది. ఆ చిన్నది ఇప్పుడు తొమ్మిదో తరగతి.

ఆమె అత్తగారు కూడా ఇదే ఆసుపత్రిలో ఆయాగా చేసిందట. అప్పట్లో వెనక వైపు స్టాఫ్ క్వార్టర్స్ ఉండేవి, రెండేసి గదులవి, రేకుల కప్పు. పెద్దావిడ మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని వెళ్ళేదట. తర్వాత అవి పాడుబడ్డాయని కూల్చేసి, అందులో ఉన్నవాళ్ళకి ఊరి చివర కొత్త ఇళ్ళు ఇచ్చారు. "ఇల్లు ఇచ్చార్లేమ్మా, కాదనను, సిమెంటు ఇల్లే, నీళ్ళొస్తాయి, కరెంటు ఉంది. కానీ ఇల్లు అక్కడుంది, బతుకు ఇక్కడుంది" అంది. క్వార్టర్స్ ఉన్న ఆ జాగా ఇప్పుడు కంచె వేసిన పార్కింగు స్థలం. ఆ రాత్రి కిటికీలోంచి చూశాను, ఫ్లడ్‌లైట్ల వెలుతురులో నాలుగే నాలుగు కార్లు. తక్కినదంతా ఖాళీ.

అప్పట్నుంచీ ఈ విషయం నా బుర్రలోంచి పోవడం లేదు. చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను, లెక్కలు వేసుకున్నాను. ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్న మాట ఒకటే: నగరం నడిబొడ్డున, భూమి బంగారమై కూర్చున్న చోటే, అక్కడ పనిచేసే మామూలు మనుషులు కట్టగలిగే అద్దెకి ఇళ్ళు ఉండాలి. శివార్లలో ఇస్తే సరిపోదు. దీనికోసం నడిబొడ్డున మిగిలిన ప్రభుత్వ భూమిని ఇంకెప్పుడూ అమ్మకూడదు.

ముందు దూరం సంగతి. రోజుకి నాలుగు గంటలు ప్రయాణం, నెలకి 26 డ్యూటీలు. నెలకి 104 గంటలు, ఏడాదికి 1,248. ఎనిమిది గంటల పనిదినాల్లోకి మారిస్తే 156 రోజులు, అంటే ఆరు నెలల డ్యూటీ. ఆమె ఏటా ఆరు నెలల డ్యూటీకి సరిపడా కాలాన్ని బస్సులో నిలబడి, పైసా జీతం లేకుండా ఇస్తోంది. టికెట్టు డబ్బులు పైగా. ఇందులో అట్టముక్కల మీద గడిచే ఆరు గంటలు నేను కలపలేదు, ఎందుకంటే వాటిని ప్రయాణంలో వేయాలో నిద్రలో వేయాలో నాకే తెలియలేదు. శివార్లలో అద్దె తక్కువ కదా అంటాం. తగ్గిన అద్దెలో ఎంత భాగం ఇలా గంటల రూపంలో తిరిగి వసూలవుతోందో మన లెక్కల్లోకి ఎక్కడా రాదు, ఎందుకంటే దానికి రసీదు ఉండదు. పిల్లకి జ్వరం వస్తే సగం పూట సెలవు పెట్టి వెళ్ళిరావడం కుదరదు, రోజంతా పోతుంది. ఓవర్‌టైం ఇస్తానన్నా చేయలేదు. దగ్గర్లో ఇంకో నాలుగిళ్ళలో పని దొరికినా పట్టుకోలేదు. ఊరవతలికి పంపిన కుటుంబాల్లో ముందుగా ఉద్యోగం మానేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఇంటికీ పనికీ మధ్య ఊగే తాడు వాళ్ళ చేతిలోనే ఉంటుంది, అది మరీ పొడవైపోతే ఒక కొస వదిలెయ్యక తప్పదు.

2020 లాక్‌డౌన్లు గుర్తున్నాయా? ప్రపంచమంతా ఒక్కసారిగా "అత్యవసర సేవలు" అని ఒక జాబితా రాసింది. నర్సులు, ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు, సరుకులు మోసేవాళ్ళు, అంబులెన్స్ డ్రైవర్లు, మందుల షాపుల్లో కుర్రాళ్ళు. చప్పట్లు కొట్టాం. అదే సమయానికి బస్సులూ రైళ్ళూ ఆగిపోయాయి. ఎవరు రాకపోతే నగరం ఆగిపోతుందో వాళ్ళే అందరికంటే దూరంలో ఉంటున్నారన్న సంగతి అంత స్పష్టంగా ఎప్పుడూ బయటపడలేదు. ఆ తర్వాత మర్చిపోయాం.

నిజానికి పని దగ్గరే ఇల్లు అనేది కొత్త సూత్రమేమీ కాదు. పెద్ద అధికారులకి బంగళాలు ఎక్కడుంటాయి? జడ్జీలకి, పోలీసు ఉన్నతాధికారులకి? ఏ వేళలో అవసరం పడుతుందో తెలియదు కాబట్టి దగ్గర్లోనే ఉండాలని, చెట్లున్న మంచి వీధుల్లో నడిబొడ్డునే కట్టి ఇస్తాం. అది తప్పని నేను అనడం లేదు. అర్ధరాత్రి అవసరం పడేది ఆయా కూడా. అపార్ట్‌మెంట్లలో మనమూ వాచ్‌మన్‌కి కింద ఓ గది ఇస్తాం కదా, రాత్రిపూట మనిషి ఉండాలని. ఆ న్యాయం మన గేటు దాకా వచ్చి ఆగిపోకూడదు అంటున్నాను, అంతే.

ఇక భూమి ధర. "అంత విలువైన చోట తక్కువ అద్దె ఇళ్ళేమిటి, ఆ స్థలం అమ్మితే వచ్చే డబ్బుతో శివార్లలో మూడింతల ఇళ్ళు కట్టొచ్చు" అంటారు. మొదటిసారి వింటే సబబుగానే ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ స్థలానికి అంత విలువ ఎలా వచ్చింది? మట్టి అదే మట్టి. దాని పక్కన రోడ్డు వేశారు, రైలు తెచ్చారు, ఆసుపత్రి, కాలేజీ, కోర్టు, మార్కెట్టు కట్టారు, పన్నుల డబ్బుతో. రోజూ లక్షలమంది వచ్చి పనిచేశారు, ఊడ్చారు, వండారు, కాపలా కాశారు. ఇంతమంది పోగుచేసిన విలువ అది. ఆ విలువే ఇప్పుడు కారణమై, పోగుచేసినవాళ్ళు అక్కడ ఉండటానికి వీల్లేదు అంటే ఎక్కడో లెక్క తప్పినట్టే.

మూడింతల ఇళ్ళ మాటకి వస్తే, ఆ ప్రయోగం చాలా పెద్ద ఎత్తున జరిగింది. మెక్సికోలో 2000 తర్వాత ప్రభుత్వ గృహరుణాల అండతో, భూమి చవగ్గా దొరికే చోటల్లా, నగరాలకి దూరంగా లక్షలాది చిన్న ఇళ్ళు వరసలు వరసలుగా కట్టారు. 2010 జనాభా లెక్కలు తీసేసరికి దేశంలో దాదాపు 50 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. అన్నిటికీ దూరం ఒక్కటే కారణం కాదు, కొన్నిచోట్ల నేరాల భయం, కొన్నిచోట్ల ఆర్థిక మాంద్యం కూడా. కానీ జనం ఇళ్ళు వదిలేసి వెళ్ళిపోవడానికి పని దూరం కావడం, బస్సు ఖర్చు భరించలేకపోవడం పెద్ద కారణాలు. ఇల్లు చవకే. అక్కడ బతకడం చవక కాదు. పైగా ఊరు అలా సాగినప్పుడల్లా నీళ్ళ పైపులు, డ్రైనేజీ, రోడ్డు, బడి, బస్సు అన్నీ మళ్ళీ మొదటినుంచీ వేయాలి. ఇళ్ళ ఖర్చులో మిగిలిందనుకున్నది ఇంకో శాఖ పద్దులో బయటపడుతుంది.

దక్షిణాఫ్రికా కథ ఇంకా బాధ కలిగిస్తుంది. కేప్‌టౌన్ నడిబొడ్డున డిస్ట్రిక్ట్ సిక్స్ అని ఒక పేట ఉండేది. 1966 ఫిబ్రవరి 11న వర్ణవివక్ష ప్రభుత్వం దాన్ని తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించి, తర్వాతి ఏళ్ళలో 60,000 మందికి పైగా జనాన్ని ఊరవతల కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక మైదానాలకి తరలించింది, ఇళ్ళు బుల్డోజర్లతో కూల్చింది. 1994లో ఆ పాలన పోయింది. కొత్త ప్రభుత్వం పేదలకి ఉచితంగా లక్షల ఇళ్ళు కట్టింది, మంచి మనసుతోనే కట్టింది. కానీ ఎక్కడ? భూమి చవగ్గా దొరికే చోట. అది ఎక్కువగా ఊరవతలే, పాత పాలన జనాన్ని నెట్టేసిన దిక్కే. చట్టం మారింది, ఉద్దేశం మారింది, మ్యాపు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయింది. నాకు ఇందులో కనిపించే పాఠం భయంగా ఉంటుంది: చవక భూమినే వెతుక్కుంటూ పోతే, ఎవరికీ చెడు ఉద్దేశం లేకుండానే, చెడు ఉద్దేశంతో చేసినంత పనీ జరిగిపోతుంది.

మన దేశంలో ముంబయి మిల్లుల భూముల సంగతి చాలామందికి తెలుసు, పూర్తిగా తెలిసినవాళ్ళు తక్కువ. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షలమంది బట్టల మిల్లు కార్మికులు పాల్గొన్నారు. వాళ్ళలో తెలంగాణ పల్లెల నుంచి వెళ్ళిన నేతపనివాళ్ళు కూడా ఉన్నారు. తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. నగరం మధ్యలో సుమారు 600 ఎకరాలు. 1991లో ఒక నిబంధన వచ్చింది: మిల్లు భూమిలో కొత్త కట్టడాలు రావాలంటే దాన్ని మూడు వాటాలు చేయాలి. ఒకటి పార్కులకీ ప్రజావసరాలకీ, ఒకటి తక్కువ ఖర్చు ఇళ్ళకి, ఒకటి యజమానికి. ఎంత చక్కటి నిబంధనో చూడండి. పదేళ్ళకి, 2001లో, దాన్ని సవరించారు. మూడు వాటాలు భూమి మొత్తానికి కాకుండా, షెడ్లూ కట్టడాలూ లేని ఖాళీ జాగాకి మాత్రమే వర్తిస్తాయన్నారు. మిల్లులో ఖాళీ జాగా ఎంతుంటుంది? నేలంతా షెడ్లే. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. ఈరోజు అక్కడ టవర్లు, మాల్స్. పార్కులకీ ఇళ్ళకీ దక్కింది కొసరు ముక్కలు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. నోటిఫికేషన్‌లో ఒక వాక్యం మారితే వందల ఎకరాలు చేయి దాటిపోతాయి, ఆ రోజు పేపర్లో అది ఎన్నో పేజీలో వచ్చిందో కూడా ఎవరికీ గుర్తుండదు.

మరి ఎక్కడైనా ఇది సవ్యంగా జరిగిందా అంటే, జరిగింది. ఆస్ట్రియా రాజధాని వియన్నా గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఏమీ అనుకోకండి.

మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక వియన్నా కూలిపోయిన సామ్రాజ్యానికి ఒకప్పటి రాజధాని. ఇరుకు గదుల్లో కిక్కిరిసి జనం. మంచాన్ని గంటల లెక్కన అద్దెకి తీసుకునేవాళ్ళు కూడా ఉండేవారు, ఒకరు పనికి పోతే ఇంకొకరు అదే పక్కమీద. 1919లో సోషల్ డెమొక్రాట్లు నగర పాలన గెలిచారు. 1923లో, హ్యూగో బ్రైట్నర్ అనే ఆర్థిక బాధ్యుడి ఆధ్వర్యంలో, ఇళ్ళ నిర్మాణం కోసమే ఒక పన్ను పెట్టారు. చిన్న ఇళ్ళ మీద నామమాత్రం, విలాసమైన ఇళ్ళ మీద చాలా ఎక్కువ. ఆ డబ్బుతో 1934 నాటికి 60,000కి పైగా ఇళ్ళు కట్టారు. పేరుపడ్డది కార్ల్ మార్క్స్ హోఫ్: 1927లో మొదలై 1930లో పూర్తయింది, కిలోమీటరుకి పైగా పొడవు, 1,382 ఇళ్ళు. మొత్తం స్థలంలో కట్టడాలు ఐదోవంతు కూడా లేవు, తక్కినదంతా చెట్లు, పిల్లలు ఆడుకునే వాకిళ్ళు. బట్టలుతికే గదులు, స్నానశాలలు, శిశువిహారం, లైబ్రరీ, వైద్యశాల, అన్నీ లోపలే. ఇది ఉన్నది డోబ్లింగ్ అనే జిల్లాలో, నగరంలో బాగా డబ్బున్నవాళ్ళు ఉండే ప్రాంతాల్లో అదొకటి. 1934 ఫిబ్రవరి అంతర్యుద్ధంలో సైన్యం దాని మీద ఫిరంగులు పేల్చింది. అయినా నిలబడింది. ఇప్పటికీ అందులో జనం కాపురాలు చేస్తున్నారు.

ఈరోజు వియన్నా నగరపాలక సంస్థకి సొంతంగా దాదాపు 2,20,000 ఇళ్ళున్నాయి, పరిమిత లాభానికి పనిచేసే సహకార సంఘాల ఇళ్ళు అదనం. నగర జనాభాలో దాదాపు సగంమంది ఈ రెండు రకాల ఇళ్ళలోనే ఉంటారు. నాకు బాగా నచ్చిన సంగతి, ఆదాయ పరిమితి బాగా పైన పెట్టారు, ఇల్లు ఇచ్చేటప్పుడు ఒక్కసారే చూస్తారు. తర్వాత జీతం పెరిగిందని ఖాళీ చేయమనరు. అందుకని టీచరూ, బస్సు డ్రైవరూ, బ్యాంకు ఉద్యోగీ ఒకే మెట్లెక్కుతారు. ఫలానా బ్లాకు పేదవాళ్ళదన్న ముద్ర పడదు. ఒక ఇంటికి నగరంలో సగంమంది ఓట్లు తోడున్నప్పుడు దాని రిపేరు నిధులు కోసేయడం ఏ నాయకుడికీ అంత సులువు కాదు. 2019 నుంచి అమల్లో ఉన్న ఇంకో నియమం: కొత్తగా నివాస ప్రాంతంగా మార్చే పెద్ద స్థలాల్లో మూడింట రెండు వంతులు ఇలాంటి సబ్సిడీ ఇళ్ళకే పోవాలి.

పారిస్ దారి వేరు. అక్కడ కొత్త భూమి లేదు, కిక్కిరిసిన నగరం. అందుకని పాతవాటిలోకే దూరారు. సేన్ నది ఒడ్డున సమారిటెయిన్ అని పేరుమోసిన పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉంది. ఏళ్ళతరబడి మూతబడి 2021లో మళ్ళీ తెరిచారు. ఖరీదైన షాపులు, ఐదు నక్షత్రాల హోటలు, అదే సముదాయంలో తక్కువ అద్దెకిచ్చే 96 సామాజిక గృహాలు, ఒక శిశుసంరక్షణ కేంద్రం. రక్షణ శాఖ పాత కార్యాలయ భవనాల్ని, నగరంలో అన్నిటికంటే ఖరీదైన ప్రాంతాల్లో ఒకటైన ఏడో వార్డులో, రెండొందల యాభై పైచిలుకు ఇళ్ళుగా మార్చారు. దీని వెనక 2000 డిసెంబరు 13 నాటి చట్టం ఒకటుంది. ఒక స్థాయి దాటిన ప్రతి పట్టణంలోనూ ఐదోవంతు ఇళ్ళు సామాజిక గృహాలై ఉండాలని, లేకపోతే జరిమానా అని. 2013లో చాలాచోట్ల దాన్ని 25 శాతానికి పెంచారు. అందరూ ఒప్పుకోలేదు. పారిస్‌ని ఆనుకునే ఉన్న సంపన్న పట్టణం న్యూయీ ఇన్నేళ్ళ తర్వాత కూడా పది శాతం దాటలేదు, ఏటా జరిమానా కడుతూ వచ్చింది.

న్యూయీ వాళ్ళని నేను తిట్టలేను. ఎందుకో చెప్పాలి.

నాన్న ఆసుపత్రికి ఓ నాలుగేళ్ళ ముందు, మా అపార్ట్‌మెంట్ వెనక ఉన్న ప్రభుత్వ స్థలంలో తక్కువ అద్దె ఇళ్ళు వస్తాయని ఒక మాట లేచింది. సంఘం మీటింగులో అందరికీ టెన్షన్. రేట్లు పడిపోతాయి, దొంగతనాలు పెరుగుతాయి, నీళ్ళు చాలవు, పార్కింగు ఉండదు. ఎవరో అభ్యంతర పత్రం రాసి పట్టుకొచ్చారు. నేను పూర్తిగా చదవలేదు. పక్కింటి ఆంటీ పెన్ను ఇచ్చింది, సంతకం పెట్టాను. మా ఫ్లోర్‌లో అందరం పెట్టాం. ఆ ప్రతిపాదన తర్వాత వినపడలేదు. మా సంతకాల వల్లే ఆగిందో ఇంకెందుకు ఆగిందో నాకు తెలియదు గానీ, లిఫ్టు వెనక ఆ అట్టముక్కలు చూసిన రాత్రి నాకు ముందు గుర్తొచ్చింది ఆ పెన్నే. మా ఇంటి నుంచి ఆ ఆసుపత్రికి నడిచి పది నిమిషాలు. ఆ స్థలంలో ఇళ్ళు వచ్చి ఉంటే వాటిలో ఉండాల్సింది ఎవరు? మా నాన్న ఒళ్ళు తుడిచిన మనిషి. మేం ఎవరిని దొంగలనుకుని సంతకాలు పెట్టామో వాళ్ళకే రోజూ తాళంచెవులిచ్చి, పసిపిల్లల్ని అప్పజెప్పి ఆఫీసులకి వెళ్తున్నాం.

"ప్రభుత్వం కట్టిన ఇళ్ళు నాలుగేళ్ళకి మురికివాడలైపోతాయి" అన్న భయం మాత్రం ఊరికే వచ్చింది కాదు, దానికి జవాబు చెప్పాలి. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్-ఐగో అని 33 భవనాలు, ఒక్కోటి 11 అంతస్తులు, మొత్తం 2,870 ఇళ్ళు. 1950ల మధ్యలో పూర్తయ్యాయి. 1972లో పేల్చివేత మొదలైంది. ఇరవై ఏళ్ళు నిండకుండానే. ఆ కూలుతున్న భవనాల ఫొటో చూపించి, చూశారా పేదలకి ఇళ్ళిస్తే ఇంతే అంటారు. కానీ అక్కడ కట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది, నడపడానికి ఇవ్వలేదు. లిఫ్టులు, పైపులు, దీపాలు అన్నిటి నిర్వహణా అద్దెలతోనే జరగాలన్నారు. అదే కాలంలో నగరం నుంచి ఉద్యోగాలూ జనమూ బయటికి పోయారు, ఇళ్ళు ఖాళీ అయ్యాయి, అద్దె డబ్బు తగ్గింది, రిపేర్లు ఆగాయి, ఉండగలిగినవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. అంతకంటే పాతిక ఏళ్ళు పాతదైన కార్ల్ మార్క్స్ హోఫ్ ఇంకా నిండుగా ఉంది. మనుషుల్లో తేడా ఉందని నేను అనుకోను. నిర్వహణకి ఏటా డబ్బు ఉందా లేదా, అన్ని రకాల ఆదాయాలవాళ్ళూ కలిసి ఉన్నారా లేదా, పక్కనే పని ఉందా లేదా, తేడా అక్కడుంది. ఏ భవనమైనా అంతే, మెయింటెనెన్స్ మానేస్తే ధనికుల టవరైనా పదేళ్ళలో పాడుబడుతుంది.

"అద్దెలు పెంచొద్దని చట్టం పెడితే సరిపోతుందిగా, కట్టడం ఎందుకు" అని ఒక స్నేహితురాలు అడిగింది. అద్దె నియంత్రణ ఉన్నవాళ్ళకి ధైర్యమిస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ కొత్తగా ఊళ్ళోకి వచ్చేవాళ్ళకి ఇల్లు పుట్టించదు. స్టాక్‌హోమ్‌లో నియంత్రిత అద్దె ఇంటి కోసం క్యూలో సగటున పదేళ్ళకి దగ్గరగా ఎదురుచూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1994లో నియంత్రణని మరికొన్ని పాత భవనాలకి విస్తరించారు. తర్వాత ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళు నిలదొక్కుకున్న మాట నిజమే గానీ, యజమానులు అమ్ముకోవడమో మార్చేయడమో చేసి అద్దె ఇళ్ళని 15 శాతం తగ్గించేశారని, దాంతో ఊరంతా అద్దెలు ఐదు శాతం పెరిగాయని తేలింది. కాబట్టి ఇళ్ళు కట్టాల్సిందే, ఎక్కువ కట్టాల్సిందే. బిల్డర్లు కట్టేవి కూడా రావాలి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం 2016లో తన నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మీద ఎక్కువ ఇళ్ళకి అనుమతినిచ్చాక నిర్మాణం బాగా పెరిగింది, అద్దెల వేగం తగ్గింది. మార్కెట్టుతో నాకు పేచీ లేదు. అయితే నడిబొడ్డున ఎంత కట్టినా కొత్త ఫ్లాటు ఆయా జీతానికి దిగిరావాలంటే ఒక తరం పడుతుంది. ఆమె మోకాళ్ళు అంతదాకా ఆగవు.

అన్నిటికంటే ముఖ్యమైంది, ఇచ్చిన ఇల్లు మళ్ళీ మార్కెట్లోకి జారిపోకుండా చూడటం. బ్రిటన్‌లో 1980 చట్టంతో, స్థానిక పాలక సంస్థలు కట్టిన కౌన్సిల్ ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళకి వాటినే తగ్గింపు ధరకి కొనుక్కునే హక్కు ఇచ్చారు. కొన్న కుటుంబాలు బాగుపడ్డాయి, అందులో సందేహం లేదు. కానీ ఇప్పటికి దాదాపు 20 లక్షల ఇళ్ళు అలా అమ్ముడుపోయాయి, వాటికి బదులు కట్టింది చాలా తక్కువ. అమ్మిన ఫ్లాట్లలో చాలావాటిని ఇప్పుడు ప్రైవేటు యజమానులు మార్కెట్ అద్దెకి ఇస్తున్నారు, కొన్నిచోట్ల ఆ అద్దెలో కొంత ప్రభుత్వమే సాయంగా కడుతోంది. తను కట్టిన ఇంటికి తనే అద్దె! ఒక తరానికి మేలుచేసి తర్వాతి తరాలకి తలుపేశారు.

అదే బ్రిటన్‌లో, లండన్ నగరంలో, ఇంకో ఉదాహరణ ఉంది. థేమ్స్ దక్షిణపు ఒడ్డున కాయిన్ స్ట్రీట్. 1970ల్లో అక్కడ ఆఫీసు టవర్లు, పెద్ద హోటలు రాబోతుంటే పేటలో మిగిలిన జనం ఏళ్ళతరబడి పోరాడారు. 1984లో ఆ 13 ఎకరాలూ పది లక్షల పౌండ్లకి వాళ్ళు పెట్టుకున్న సంస్థకే దక్కాయి. అంత తక్కువకి ఎలా అంటే, ఈ భూమిని ముఖ్యంగా ఇళ్ళకీ పార్కులకే వాడాలని నగర పాలకులు ముందే షరతు రాశారు, షరతుతోపాటే ధర దిగింది. భూమి ధర దేవుడు రాసింది కాదని, దాన్ని దేనికి వాడొచ్చో మనం రాసే కాగితం మీద ఆధారపడుతుందని నాకు ఇక్కడే అర్థమైంది. ఇప్పుడక్కడ సహకార సంఘాల ఇళ్ళున్నాయి, కుటుంబాలున్నాయి. వాటిని లాభానికి ఎవరూ అమ్ముకోలేరు.

సింగపూర్ కూడా ఆలస్యంగానైనా ఈ సంగతి పట్టించుకుంది. 1960లో పెట్టిన గృహనిర్మాణ బోర్డు ఇళ్ళలోనే దేశ నివాసుల్లో 80 శాతానికి అటూ ఇటుగా ఉంటారు. నడిబొడ్డున, తొలినాళ్ళలో కట్టిన పదంతస్తుల బ్లాకులు రెండు ఉన్నచోటే, 2009లో 50 అంతస్తుల టవర్లు ఏడు కట్టారు, 1,848 ఇళ్ళు. అవి తిరిగి అమ్మకానికి వచ్చేసరికి రేట్లు ఆకాశానికి ఎగిశాయి. 2021 నుంచి నగర మధ్యలో కట్టే కొత్త ఇళ్ళకి పదేళ్ళదాకా అమ్మకూడదని, తర్వాత అమ్మినా సబ్సిడీలో కొంత తిరిగి కట్టాలని షరతులు పెట్టారు. సింగపూర్‌ని పొగిడేవాళ్ళు ఒక్క మాట మాత్రం వదిలేస్తారు. ఆ టవర్లు కట్టిన వలస కూలీలు ఆ 80 శాతంలో లేరు. చాలామంది ఊరికి దూరంగా డార్మిటరీల్లో, ఒక్కో గదిలో పదీ పన్నెండు మంది చొప్పున ఉండేవారు, 2020లో కరోనా ఎక్కువగా విరుచుకుపడింది వాళ్ళ మీదే. ఎవరిని "మనవాళ్ళు" అని లెక్కపెడతామో ఇళ్ళ జాబితా అక్కడే మొదలవుతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. నడిబొడ్డున ఉన్న బస్సు డిపోలు, పాత ఆఫీసులు, ఒంటి అంతస్తు గోడౌన్లు, సగం ఖాళీగా ఉండే పార్కింగు స్థలాలు ప్రభుత్వానివి ఎన్ని ఉన్నాయో ఒక జాబితా తీసి జనం ముందు పెట్టండి. వాటిని వేలం వేయడం ఆపండి. డిపో కింద ఉండొచ్చు, పైన ఇళ్ళు ఉండొచ్చు. సొంతానికి ఇవ్వొద్దు, శాశ్వతంగా అద్దెకే ఉంచండి, అద్దె జీతంలో ఒక వంతుకి ముడిపెట్టండి. ఆయాలతో పాటు నర్సులూ, క్లర్కులూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలూ అక్కడే ఉండనివ్వండి. రిపేర్ల డబ్బు మొదటిరోజే విడిగా తీసిపెట్టండి. రాత్రి బస్సులు వేయండి, తప్పకుండా వేయండి, అది రేపే చేయగలిగిన పని. కానీ బస్సు వేశాం కదా అని ఇంటి మాట ఎగ్గొట్టొద్దు.

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వెనక స్థలానికి వేలం నోటీసు వచ్చింది. గోడ మీద అంటించి వెళ్ళారు, అభ్యంతరాలకి ముప్ఫై రోజులు గడువు. నేను రెండు పేజీలు రాశాను, అమ్మొద్దని, ఆసుపత్రి సిబ్బందికి అద్దె ఇళ్ళు కట్టమని. మా ఫ్లోర్‌లో ఆరు తలుపులు తట్టాను. రెండిళ్ళవాళ్ళు సంతకం పెట్టారు, ఒకరు ఆలోచించి చెప్తామన్నారు. పక్కింటి ఆంటీ లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "నీకేమైందే, అప్పుడు వద్దని నువ్వే కదా పెట్టావు" అంది. లిఫ్టు వెనక సంగతి మొదటినుంచీ చెప్పాను. మొత్తం విన్నది. ఆమె ఇంట్లో పనిచేసే అమ్మాయి కూడా రెండు బస్సులు మారి వస్తుందని తెలుసు గానీ ఎక్కడి నుంచో ఎప్పుడూ అడగలేదట. సంతకం ఇంకా పెట్టలేదు. కాగితం మాత్రం ఉంచి వెళ్ళమంది.